మామిడి కొమ్మకి కంకణం

ఈసారి గుణదల తిరునాళ్ళకి వెళ్ళి, కొండ ఎక్కకుండానే వచ్చేశాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. కిందనే కొవ్వొత్తి వెలిగించి, మాతకి క్షమాపణ చెప్పుకుని, జనంలోంచి ఎలాగో బయటపడి మా బాలశౌరి ఇంటికి చేరాను. బాలశౌరి మా జోజి మావయ్య కొడుకు. ఒకప్పుడు అమ్మమ్మా తాతయ్యా ఉన్న ఇల్లే అది. పెంకులు పోయి స్లాబు వచ్చింది, స్లాబు మీద మరో అంతస్తు వచ్చింది, ముందున్న మట్టి వాకిలి కారు నిలిపే చోటయింది. ఇంటి వెనక మామిడిచెట్టు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. నేను వెళ్ళేసరికి నిండా పూత మీద ఉంది. గేటు తీస్తూనే వాసన తగిలింది. తేనె వాసనలా మొదలై, ముక్కులోకి వెళ్ళాక తుమ్ము తెప్పించే వాసన అది. తుమ్ముకుంటూ లోపలికి అడుగుపెట్టాను. బాలశౌరి భార్య సునీత కంగారుపడి, ఆవిరి పట్టండి అక్కా అని నీళ్ళు కాచబోయింది. అక్కర్లేదమ్మా, ఇది మా అమ్మమ్మ పలకరింపు అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, అయినా నవ్వింది. సునీతలో నాకు నచ్చేది అదే.

వెనక వరండాలో వాళ్ళ కూతురు జెస్సీ పుస్తకాల మధ్య కూరుకుపోయి కనిపించింది. ఇంటర్ రెండో ఏడు, డాక్టరు చదువు కోసం కోచింగ్. తిరునాళ్ళ మైకుల హోరులో కూడా చెవుల్లో ఏవో పెట్టుకుని చదువుతోంది. నన్ను చూడగానే అవి తీసేసి, "పెద్దమ్మా, మీరు బాటనీయే కదా చెప్పేవాళ్ళు?" అంది.

"చెప్పీ చెప్పీ రిటైరయ్యాను."

"అయితే ఈ చాప్టర్ చూడండి. ఆకుల్లో తయారైన షుగరు పెరిగే భాగాలకి ఎలా వెళ్తుందీ అని. ఆప్షన్లు చూస్తే ఆన్సర్ పెట్టేస్తాను గానీ, చదువుతుంటే నిద్రొచ్చేస్తోంది."

నాకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఆ పిల్లని చెయ్యి పట్టుకుని లేపి, కాలువ వైపు వాలిన కొమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చెట్టు ఎంత పొడుగు పెరిగినా పెరుగుదలంతా చివళ్ళలోనే కాబట్టి, నా చిన్నప్పుడు ఎంత ఎత్తులో ఉందో ఆ కొమ్మ ఇప్పటికీ అంతే ఎత్తులో ఉంది. మొదటికి కాస్త ఇవతల, కొమ్మ చుట్టూ బెరడు ఉబ్బి, లావుపాటి కంకణం తొడిగినట్టు ఉంటుంది. అక్కడ చెయ్యి పెట్టి చూడమన్నాను. చూసింది. "ఏంటిది, జబ్బా?" అంది. రోజూ ఆ కొమ్మకి టవలు ఆరేసుకునే పిల్ల! జబ్బు కాదే తల్లీ, అది మీ ముత్తాత నటన అన్నాను. ఆ కథ జెస్సీకి చెబుతుంటే ఎక్కడెక్కడివో గుర్తుకొచ్చాయి. అప్పుడు చెప్పనివి కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నది అవనిగడ్డ దగ్గర పల్లెటూరు. అక్కడ హైస్కూలు తర్వాత ఆడపిల్లకి చదువు లేదు కాబట్టి, ఇంటర్‌కి నన్ను గుణదలలో అమ్మమ్మ దగ్గర దింపారు. అమ్మమ్మ పేరు మరియమ్మ. మనిషి చిన్నది, గొంతు ఇంకా చిన్నది, కానీ వంటింట్లో ఆవిడ మాటే చట్టం. తెల్లవారకముందే రంపపు పొట్టు కూరిన పొయ్యి రాజేసేది. ఆ పొగ వాసన, దాని మీద ఉడికే పప్పు వాసన, గూట్లో మాత బొమ్మ ముందు రాత్రి ఆరిపోయిన కొవ్వొత్తి వాసన, మూడూ కలిసి నా దుప్పట్లోకి వచ్చేవి. నేను లేచేసరికి అరుగు మీద క్యారేజీలు వరసగా మూతలు తీసి ఉండేవి. తాతయ్యది రైల్వే షెడ్డుకి, జోజి మావయ్యది ఆటోనగర్‌కి, నాది కాలేజీకి. ఎవరి క్యారేజీలో ఏం పడాలో ఆవిడకి ఒక లెక్క ఉండేది. ఆ లెక్కకి ఆధారం ఒక్కటే సూత్రం: పెరిగే ప్రాణానికి ముందు పెట్టాలి. మీగడ నాకు. గుడ్డు నాకు. వీధిలో ఎవరికైనా నెల తప్పిందని తెలిస్తే, మా ఎవరికీ పెట్టకముందే ఒక గిన్నె గోడ దాటి వెళ్ళిపోయేది. జోజి మావయ్య గొణిగేవాడు, "నేనూ పెరుగుతున్నానే అమ్మా" అని. "నువ్వు అడ్డంగా పెరుగుతున్నావురా, ఆగు" అనేది. ఆదివారం పూజ నుంచి వచ్చాక మాంసం కూర వండినా ఇదే వరస. అందరూ తిని, చేతులు కడుక్కుని, వెనక వరండాలో గాలికి చేరాక, ఆవిడ గిన్నె అడుగున మిగిలిన కూరలోనే ఇంత అన్నం వేసుకుని, పొయ్యి పక్కన పీట మీద కూర్చుని తినేది. కంచం పెట్టుకోగా నేను చూడలేదు. అది అన్యాయమని కూడా నాకు తోచలేదు. అమ్మమ్మలు అలాగే తింటారు కాబోలు అనుకునేదాన్ని.

తాతయ్య పేరు రాయప్ప. షెడ్డులో ఫిట్టరు. ఇంట్లో కోడిని కోస్తుంటే చూడలేక, ఏదో పని ఉన్నట్టు గుడి దాకా వెళ్ళొచ్చేంత మెత్తని మనిషి. కానీ ఏటా క్రిస్మస్ నాటకంలో దుష్టరాజు వేషం ఆయనదే, ఇంకొకరికి ఇవ్వడానికి ఊరు ఒప్పుకునేది కాదు. కాటుకతో మీసం దిద్దుకుని, అమ్మమ్మ ఎర్ర పట్టుచీరని భుజాన వేసుకుని, ఆయన ఒక్క అరుపు అరిస్తే ముందు వరసలో చంటిపిల్లలు తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. వానలు వెనకబట్టగానే పెరట్లో సాధన మొదలయ్యేది. వేషంలో తాతయ్యకి ఒక నియమం ఉండేది. ఎదటివాడు మాట మర్చిపోతే, అది గుర్తొచ్చేదాకా మనం ఏదో ఒకటి చేస్తూనే ఉండాలి, ఊరికే నిలబడితే జనం ఈలలేస్తారు అని. ఈ నియమం గుర్తుంచుకోండి, మన కథంతా దాని మీదే నడిచింది.

ఇక చెట్టు. అమ్మమ్మ పుట్టిల్లు మైలవరం. అక్కడ వాళ్ళమ్మ పెంచిన మామిడిచెట్టు ఉండేదట. జోజి మావయ్య కడుపున ఉన్నప్పుడు అమ్మమ్మ అక్కడ కాయ తిని, టెంకని చెంగున ముడేసుకుని వచ్చి ఈ పెరట్లో పాతింది. ఆ తర్వాత ఆవిడ అన్నదమ్ములు ఆ తోట అమ్ముకుని తలో దిక్కూ వెళ్ళిపోయారు. పుట్టింటిదని చెప్పుకోవడానికి అమ్మమ్మకి ఈ చెట్టు తప్ప చెంబైనా మిగల్లేదు. చెట్టూ జోజి మావయ్యా కలిసి పెరిగారు. మావయ్యకి మీసాలొచ్చాయి, ఉద్యోగం వచ్చింది, పెళ్ళి కూడా కుదిరింది. చెట్టుకి మాత్రం పూత రాలేదు. ఆకులే ఆకులు, నీడే నీడ. పెళ్ళికి కొత్త గది కావాలి, గదికి చెట్టున్న చోటు కావాలి, తలుపులకి దాని చెక్క కావాలి. వడ్రంగి వచ్చి మొదలుని వాటేసుకుని కొలిచి, "సరిపోద్దండి" అని కూడా వెళ్ళాడు. తాతయ్య తేల్చేశాడు. పెళ్ళి వచ్చే ఏడు పాస్కా పండగ, అదే ఈస్టర్, అయ్యాక. ఆలోపు పూత వస్తే సరేసరి, గది ఇవతలి పక్కన ఇరుగ్గా కట్టుకుందాం, రాకపోతే కొట్టించేస్తాను. అమ్మమ్మ ఎదురు చెప్పలేదు. ఆ రోజు నుంచి బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు అన్నీ చెట్టు మొదట్లో పొయ్యడం మొదలుపెట్టింది. పోస్తూ దానితో ఏదో అనేది. ఏమనేదో నాకు వినపడలేదు.

పక్కింటి అన్నపూర్ణమ్మగారు ఇదంతా గోడ మీదుగా గమనిస్తూనే ఉంది. కాయని సొరపాదుని చీపురుతో కొట్టి కాయించిన మనిషి ఆవిడ, ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఒకరోజు గోడ మీద చేతులు ఆనించి అంది:

"వదినగారూ, చీపురు పాదులకి చాలుతుందండీ. చెట్టయితే గొడ్డలితో బెదిరించాలి. మా పుట్టింట్లో అంతే. ఒకళ్ళు గొడ్డలెత్తి కొట్టేస్తాననాలి, ఇంకొకళ్ళు అడ్డంపడి వద్దండీ, వచ్చే ఏడు కాస్తుందండీ అని బతిమాలాలి. చెట్టు వింటుంది. సిగ్గుపడి కాస్తుంది."

"ఫాదర్‌గారు ఏమైనా అంటారేమో వదినా."

"ఆయనకేం తెలుస్తుందండీ, మీరు చెప్తే తప్ప. చెట్టయితే చెప్పదు కదా!"

అమ్మమ్మ రెండు రోజులు ఆలోచించి, మాత ముందు కొవ్వొత్తి వెలిగించి అనుమతి తీసుకుంది. తాతయ్యని ఒప్పించడానికి మాత్రం క్షణం పట్టలేదు. గొడ్డలి పట్టుకుని కోపం నటించాలి అనగానే ఆయన కళ్ళు మెరిశాయి.

ఒక ఆదివారం పూజయ్యాక ముహూర్తం పెట్టుకున్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చేతిలో గొడ్డలి. బట్టలుతికే బండ ఎక్కి నిలబడ్డాడు తాతయ్య. కాలువ వైపు కొమ్మ సరిగ్గా ఆయన గుండెల ఎత్తుకి వచ్చింది. గోడ అవతల అన్నపూర్ణమ్మగారు, ఆవిడ పక్కన ఇంకో నలుగురు. వరండాలో నేనూ మావయ్యా. అమ్మమ్మ చెట్టు కింద, చెంగు నడుముకి బిగించి, చెప్పాల్సిన ఒక్క మాటని పెదవులతో వల్లించుకుంటోంది.

"ఓరీ వృక్షాధమా!" అని తాతయ్య గర్జించాడు. కాలువ గట్టు మీద కొంగలు లేచిపోయాయి. "నా పెరటిలో నిలిచి, నా నీరు త్రాగి, నాకే ఫలమియ్యవా? ఇదిగో నీ ప్రాణములు తీసెద!" అని కొమ్మ మీద ఒక గాటు పెట్టి, అమ్మమ్మ వైపు చూశాడు. ఇప్పుడావిడ అడ్డంపడాలి. పడలేదు. నోరు తెరిచి అలా చూస్తూ నిలబడిపోయింది. రంగస్థలం నియమం ప్రకారం తాతయ్య ఆగకూడదు. "పలుకవేమి?" అని ఇంకో గాటు పెట్టాడు. మళ్ళీ చూశాడు. "నీకు అంత పొగరా?" మరో గాటు. ఒకే చోట కొడితే కొమ్మ నిజంగా తెగుతుందని భయం, కొట్టకపోతే నాటకం ఆగుతుందని భయం. అందుకని బండ చివరిదాకా జరిగి, వంగి, కొమ్మ కిందనుంచి, అవతల నుంచి, చుట్టూ తిరిగి పైపైన గాట్లు పెడుతూ పోయాడు. "అనండి వదినగారూ, అనండీ!" అని గోడ మీంచి అన్నపూర్ణమ్మగారు గుసగుసగా అరుస్తోంది. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. మావయ్యకైతే కళ్ళ నీళ్ళొచ్చాయి. అంతలో అమ్మమ్మ మాట బయటికొచ్చింది.

"వద్దండీ. అది మా అమ్మ చెట్టండీ."

ఆవిడ చెప్పాల్సిన మాట అది కాదు. మా నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. తాతయ్య గొడ్డలి దింపాడు. రాజు వేషం ఆయన ముఖం మీద నుంచి జారిపోయింది. ఏం చెయ్యాలో తెలియక, గాట్ల మధ్య వేలాడుతున్న బెరడు ముక్కల్ని చేత్తో ఒక్కొక్కటే పీకి శుభ్రం చేశాడు. చేసేసరికి కొమ్మ చుట్టూ రెండువేళ్ళ మేర బెరడు లేకుండా తెల్లగా తేలింది. "కాస్తుందని కూడా అనండి వదినగారూ, లేకపోతే ఫలించదు" అంది అన్నపూర్ణమ్మగారు, మెల్లిగా. "కాస్తుంది" అంది అమ్మమ్మ ముక్కు తుడుచుకుంటూ. ఆ సాయంత్రం తాతయ్య పేడా మట్టీ కలిపి ఆ దెబ్బకి స్వయంగా పట్టు వేశాడు. కొట్టించేస్తానన్న మనిషి దానికి కట్టు కట్టడం చూసి మావయ్య ఏదో అనబోతే, నేను కాలు తొక్కాను.

గుణదల తిరునాళ్ళు వచ్చాయి. ఇంటినిండా చుట్టాలు, వరండా నిండా చాపలు, సాంబ్రాణి, మైనం, చెమట, ఇప్పుడున్న వాసనలే. పొద్దున్నే పళ్ళపుల్లతో పెరట్లోకి వెళ్ళి తల ఎత్తాను. కాలువ వైపు కొమ్మ ఆకు కనపడకుండా పూసింది. ఆ ఒక్క కొమ్మే. మిగతా చెట్టంతా ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడి ఉంది. నేను వేసిన కేకకి చుట్టాలు దొంగలనుకుని కర్రలతో పరిగెత్తుకొచ్చారు. అమ్మమ్మ వచ్చి చూసి, అక్కడే తడి నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. ఆవిడ ఏడుస్తూ నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ తర్వాత ఎవరి గొప్ప వాళ్ళది. ఇది మాత చలవ అంది అమ్మమ్మ. గొడ్డలి పద్ధతి చెప్పింది నేను కదండీ అంది అన్నపూర్ణమ్మగారు. నటనలో జీవం ఉంటే చెట్టయినా చలించాల్సిందే అని తాతయ్య కాటుక లేని మీసం దువ్వాడు. నా పెళ్ళి చూడాలని పూసింది అని మావయ్య. చెట్టు బతికింది, గది ఇవతలి పక్కకి జరిగింది, వడ్రంగికి వేరే చెక్క తెచ్చుకోమని కబురు వెళ్ళింది. నాకు మాత్రం ఒకటే అనుమానం: సిగ్గుపడింది చెట్టయితే, పూసింది ఒక్క కొమ్మేమిటి?

ఇంకో వింత. పూత మొదలైనప్పటి నుంచి ఆ కొమ్మ కింద బట్టలుతికే బండ జిగటగా తయారైంది. అమ్మమ్మ చెప్పులు అంటుకుపోయేవి. ఆకుల మీద వార్నిష్ పూసినట్టు మెరుపు. ఒక ఆకు తుంచి నాలిక మీద పెట్టుకుంటే తియ్యగా ఉంది. మావయ్యకి చూపిస్తే ఆయన రెండు ఆకులు నాకి, బాగుందే, క్యారేజీలో పెట్టమందాం అన్నాడు. ఆ సంతోషం పట్టలేక మర్నాడే ఆ ఆకుని రికార్డు పుస్తకంలో పెట్టి కాలేజీకి పట్టుకెళ్ళి మా బాటనీ మేడమ్‌కి చూపించాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "నాకావా?" అని అడిగారు. నాకానండీ అన్నాను. ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి కడుపారా నవ్వారు. అది తేనెమంచు పురుగు పనట. కొమ్మ బెరడులో చక్కెర నీళ్ళు పారే సన్నని గొట్టాలుంటాయి. ఆ పురుగు వాటికి ముక్కు గుచ్చి తాగుతుంది, తాగింది ఎక్కువై వెనకనుంచి వదిలేస్తుంది. మేం నాకింది అదీ! మావయ్యకి ఈ సంగతి ఆయన పెళ్ళయ్యేదాకా చెప్పలేదు.

నవ్వడం అయ్యాక నేను కొమ్మ సంగతి చెప్పాను, గాట్ల సంగతీ చెప్పాను. మేడమ్ నవ్వు ఆపి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరికి వెళ్ళారు. ఖాళీ గదిలో నా ఒక్కదాని కోసం చెప్పిన పాఠం అది. ఆకులు ఎండలో చక్కెర తయారుచేస్తాయి. ఆ చక్కెర బెరడులోని గొట్టాల్లోకి చేరుతుంది. చేరగానే చుట్టుపక్కల నీళ్ళని లాక్కుంటుంది. దాంతో అక్కడ ఒత్తిడి పెరిగి, ఆ తియ్యని నీళ్ళు పక్కకి, పైకి, కిందికి, ఎక్కడ ఖర్చవుతుంటే అక్కడికి తోసుకుంటూ పోతాయి. చిగురు పెరుగుతుంటే చిగురుకి, మొగ్గ విచ్చుకుంటుంటే మొగ్గకి, పిందె ఊరుతుంటే పిందెకి. వేళ్ళకి కూడా. వేళ్ళ నుంచి నీళ్ళు పైకెక్కే దారి వేరు, అది లోపలి కట్టెలో ఉంటుంది. మీ తాతయ్యగారు కొమ్మ చుట్టూ బెరడు తీసేశారు కాబట్టి, ఆ కొమ్మ ఆకుల వండకం కిందికి దిగలేక కొమ్మలోనే నిలిచిపోయింది, నిలిచిందంతా పూతయింది అన్నారు మేడమ్. నా పుస్తకంలో పోషక కణజాలం అని ఉన్న పేజీ అది, బట్టీపట్టి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఎక్కడ పెరుగుతుంటే అక్కడికి ముందు! ఇది మా అమ్మమ్మ వడ్డన కదా, ఇదంతా చెట్టుకి ఎవరు చెప్పారు అనుకున్నాను. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ, కాలువ గట్టు మీద ఉన్న ప్రతి చెట్టు బెరడునీ తట్టుకుంటూ వచ్చాను. నేను డాక్టరు కాకుండా బాటనీ మేడమ్‌ని అయ్యింది ఆ నడకలోనే.

ఎండాకాలం కాయలు దిగాయి. పీచు కాయ, పెద్ద గొప్పదేం కాదు, కానీ రసం మోచేతుల దాకా కారేది. మొదటి కాయ ఎవరికి వెళ్ళిందో చెప్పక్కర్లేదు, మూడో ఇంట్లో నెల తప్పిన కోడలికి. అమ్మమ్మ ఒక కాయని చెంపకి ఆనించుకుని కూర్చుంది చాలాసేపు. మావయ్య పెళ్ళి అయిపోయింది, ఇవతలి గదిలో కొత్త అత్తయ్య గాజుల చప్పుడు మొదలైంది. అంతా బాగుంది అనుకుంటుండగా, తొలకరి వెళ్ళాక ఒక ఆదివారం నేను గుడి నుంచి వచ్చేసరికి, తాతయ్య పెరట్లో గొడ్డలి సానపడుతూ కనిపించాడు.

"ఒక్క కొమ్మకి కోస్తేనే బుట్టెడు కాశాయే అమ్మలూ! ఈసారి మొదలుకే కోస్తాను. చుట్టూ. చెట్టంతా పూసెయ్యాలి" అన్నాడు. ఆయన ముఖంలో దీపాలు వెలుగుతున్నాయి. గోడ అవతల అన్నపూర్ణమ్మగారు ఈసారి స్టూలు వేసుకుని మరీ కూర్చుంది. అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. వారం రోజులుగా తన మాట తప్పకుండా వల్లించుకుంటోందట. ప్రేమతోనే అందరూ కలిసి ఆ చెట్టుని చంపబోతున్నారు. తాతయ్య బండెక్కలేదు, ఈసారి బండ అవసరం లేదు. "ఓరీ వృక్షాధమా!" అని గొడ్డలి ఎత్తగానే నేను వెళ్ళి మొదలుని వాటేసుకున్నాను.

"వద్దు తాతయ్యా!"

"అది నా మాటే!" అంది అమ్మమ్మ, చిన్నబుచ్చుకుని.

అన్నపూర్ణమ్మగారు చప్పట్లు కొట్టింది, నేనూ నాటకంలో ఉన్నాననుకుని. తాతయ్య కూడా మెచ్చుకోలుగా చూశాడు. నిజంగానే చెప్తున్నానని నమ్మించడానికి నాకు చాలాసేపు పట్టింది. మేడమ్ చెప్పిందంతా గబగబా చెప్పాను. గొట్టాలు, ఒత్తిడి, కణజాలం అంటే ఎవరికీ ఎక్కలేదు. చివరికి వంటింటి భాషలోకి దిగాను.

"ఆకులు వండుతాయి తాతయ్యా. పెరిగేవాటికి ముందు పెడతాయి. అందరికీ పెట్టాక మిగిలింది బెరడు దారిన కిందికి దిగుతుంది, వేళ్ళకి. వేళ్ళకి అదే తిండి. మొదలు చుట్టూ కోశావంటే ఆ దారి తెగిపోతుంది. వేళ్ళు మాత్రం నీళ్ళు పైకి పంపుతూనే ఉంటాయి, ఆకలితోనే. పైన చెట్టు పచ్చగానే కనపడుతుంది. ఎవరికీ తెలీదు. ఒకరోజు వేళ్ళు చచ్చిపోతాయి, అప్పుడు చెట్టంతా పోతుంది."

"మరి కొమ్మకి కోస్తే ఏం కాలేదేం?"

"వేళ్ళకి మిగతా కొమ్మలు పెట్టాయి కాబట్టి. మొదలే కోస్తే ఇంక పెట్టేవాళ్ళెవరు?"

తాతయ్య గొడ్డలి నేలకి ఆనించి నిలబడ్డాడు. పైకి ఆకుల్ని చూశాడు, కింద నేలని చూశాడు. "అయితే అందరికీ నీళ్ళు అందించేది ఆఖర్న తింటుందన్నమాట" అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు. తర్వాత అమ్మమ్మ వైపు తిరిగాడు. నా బాటనీ ప్రకారం అమ్మమ్మ ఆకవ్వాలి, వండేది ఆవిడే కాబట్టి. తాతయ్య లెక్కలో ఆవిడ వేరయింది. నేను దిద్దలేదు.

"మరియమ్మా, నువ్వు తిన్నావా?"

"మీరింకా తినలేదుగదండీ."

"పద."

గొడ్డలిని గోడకి ఆనించి, ఆవిడ రెక్క పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళాడు. వెనకే నేను, మావయ్య, కొత్త అత్తయ్య, గోడ మీంచి వంగి చూస్తూ అన్నపూర్ణమ్మగారు. తాతయ్య తన కంచం తీసి పీట ముందు పెట్టాడు. అమ్మమ్మ కూర్చోకుండా గుమ్మంలో నిలబడి, ఏంటండీ ఈ వేషాలు, వండినదానికి వాసనకే కడుపు నిండుతుంది, ముందు పిల్లలకి పెట్టనివ్వండి అంటోంది. అప్పుడు ఆయన దుష్టరాజు గొంతు తీశాడు. "కూర్చో!" వంటింట్లో గిన్నెలు మోగాయి. అమ్మమ్మ ఠక్కున కూర్చుంది. తాతయ్యకి వడ్డన రాదు. అన్నం ఒక కుప్ప, పప్పు ఇంకో కుప్ప, ముక్కలన్నీ ఏరి ఒక పక్కన వేశాడు. ఆయన వడ్డించే హస్తం ఎత్తకముందే అమ్మమ్మ రెండు చేతులూ కంచానికి అడ్డం పెట్టి, "చాలండీ, చాలు చాలు" అంటూనే ఉంది. ఆ చేతులు ఆయన మెల్లిగా తప్పించాడు. మేం అందరం చుట్టూ నిలబడి చూస్తుంటే సిగ్గుతో తల వంచుకుని తింది. బతికినన్నాళ్ళూ ఆదివారం వడ్డన తాతయ్యదే అయింది. బతికినన్నాళ్ళూ ఆవిడ చాలు చాలు అంటూనే తింది.

ఇదంతా చెప్పేసరికి జెస్సీ ఆ కొమ్మ మీద కంకణాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. పై నుంచి దిగిన చక్కెర అక్కడ ఆగి, పోగుపడి, బెరడుని అలా ఉబ్బించింది. తర్వాత పైనా కిందా బెరడు మెల్లిగా పెరిగి కలుసుకుంది. "పెద్దమ్మా, ఇది మా బుక్‌లో ఉంది! బొమ్మ కూడా ఉంది! మా పెరట్లోదే ఎవరూ చెప్పలేదేంటి?" అంది కోపంగా. మాకు మేడమ్ ఒక్కరే, బోర్డు ఒక్కటే. ఆ పిల్లకి వీడియోలున్నాయి, రంగుల బొమ్మలున్నాయి, అడిగితే రాత్రయినా జవాబిచ్చే ఫోనుంది. మాకంటే వందరెట్లు ఎక్కువ తెలుసు. ఆ చదువు నాకుంటే ఎగిరి గంతేసేదాన్ని. కానీ చెట్టు బెరడు మీద చెయ్యి పెట్టే తీరిక మాకు ఉండేది, వాళ్ళకి లేదు. దాన్ని మంచీ చెడూ అని నేను తూకం వెయ్యను. చెయ్యి పెట్టింది కదా, చాలు. మిగతాది చెట్టే చెప్తుంది.

భోజనాలకి పిలిచారు. తిరునాళ్ళ రోజు కదా, ఇంటినిండా జనం, డైనింగ్ టేబుల్ నిండా గిన్నెలు, ఎవరికి కావలసింది వాళ్ళు వేసుకోవడమే. పీటలూ వరసలూ ఏవీ లేవు. ఇది కూడా బాగానే ఉంది, మోకాళ్ళకి మరీ బాగుంది. జెస్సీ కంచంలో మీగడ పెరుగు అప్పటికే పడి ఉంది. అందరూ తింటున్నారు. సునీత మాత్రం పొయ్యికీ టేబుల్‌కీ మధ్య తిరుగుతూ, ఒకరికి వడియాలు, ఒకరికి చారు అందిస్తోంది. తెల్లవారుజాము నుంచి నిలబడే ఉందని బాలశౌరి గొప్పగా చెబుతున్నాడు.

"నువ్వు తిన్నావా సునీతా?"

"నేను తర్వాత తింటాలే అక్కా. వండినదానికి ఆకలెయ్యదు. మీరు కానివ్వండి."

కంచం పక్కన పెట్టి లేచాను. ఆవిడ చేతిలోంచి హస్తం తీసుకున్నాను. ఇన్నేళ్ళు క్లాసులో పాఠాలు చెప్పిన గొంతు కదా, అడుగున ఎక్కడో తాతయ్య గొంతు ఉండకపోదని గట్టిగా ఊపిరి పీల్చాను.

"కూర్చో!"

గిన్నెలు మోగాయో లేదో గానీ, జనమంతా నోళ్ళల్లో ముద్దలతో ఆగిపోయారు. "తాతయ్యే!" అని బాలశౌరి పొలమారి, నవ్వలేక దగ్గలేక టేబుల్ మీద వాలిపోయాడు. జెస్సీ తన కుర్చీ లాగి వాళ్ళమ్మ వెనక పెట్టింది. సునీత కూర్చుంది. వేడన్నం వేశాను, పప్పూ నెయ్యీ వేశాను, కూర ముక్కలు ఏరి వేశాను. చాలు చాలు అంటుందని హస్తం పట్టుకుని ఎదురు చూస్తూ నిలబడ్డాను. సునీత ముద్ద కలిపి, తలెత్తి నన్ను చూసింది.

"అక్కా, ఇంకొంచెం నెయ్యి వెయ్యండి" అంది.